నాలుగు తలుపుల చెరువు

మా ఇంటి ఆవరణలో ఒక చెరువు ఉన్నదన్న సంగతి నాకు డెబ్బై ఆరవ ఏట తెలిసింది. తెలియజేసినది ప్రభుత్వం. ఆ చెరువుకు నాలుగు తలుపులు, నాలుగు చక్రాలు, ఒక స్టీరింగు ఉన్నాయి. అంతవరకు మేము దానిని కారు అనుకుంటూ వచ్చాము.

ఉద్యోగకాలమంతా కళాశాలలో భౌతికశాస్త్రం బోధించినవాడిని. ప్రత్యక్ష ప్రమాణం లేనిదే దేనినీ నమ్మవద్దని విద్యార్థులకు విసుగు పుట్టేలా చెప్పాను. కనుక ఈ విషయంలోనూ నేను కళ్ళారా చూసినదే విన్నవిస్తాను. నమ్మడం, మానడం చదువరుల విచక్షణ.

కారు మా అక్కయ్యది. డాక్టర్ శ్యామలాంబ అంటే మా పట్టణంలో తెలియనివారు తక్కువ. ఇక్కడి జనాభాలో గణనీయమైన భాగం ఆమె చేతుల మీదుగానే ఈ లోకంలోకి వచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జనపనార మిల్లు నుంచి బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక మేనేజరు దగ్గర ఆ పాత ల్యాండ్‌మాస్టరును కొన్నది. పెద్దచెరువు గట్టు మీద డ్రైవింగు నేర్చుకున్నది. గట్టుకు ఒకపక్క నీళ్ళు, మరొకపక్క పొలాలు. అటు తప్పితే మునుగుతారు, ఇటు తప్పితే దొర్లుతారు, తిన్నగా పోతే డ్రైవరవుతారు అని నేర్పినాయన చెప్పాడట. ఆ గట్టు మీదుగానే పదవీ విరమణ దాకా ప్రసూతి ఆసుపత్రికి వెళ్ళి వచ్చింది.

ఇప్పుడామెకు ఎనభై రెండేళ్ళు. డ్రైవింగు లైసెన్సు గడువు అక్టోబరు నెలాఖరుతో తీరిపోతుంది. మళ్ళీ పొడిగించుకోనని తనే ప్రకటించింది.

"ఆపరేషన్లు ఎప్పుడు మానెయ్యాలో ఒకరు చెబితే మానలేదు నేను. ఇదీ అంతే. కాని ఒక్కసారి, లైసెన్సు బతికుండగా, గట్టు రోడ్డు మీదుగా ఆసుపత్రి దాకా వెళ్ళి రావాలి తమ్ముడూ. ఆ తరువాత తాళం నీ చేతిలో పెట్టేస్తాను."

కోరిక చిన్నది. అడ్డంకి అంతకంటె చిన్నది: తలుపుల అంచుల చుట్టూ ఉండే రబ్బరు. అది ఎండి, పెచ్చులూడి, వేలితో ముట్టుకుంటే పొడిగా రాలుతున్నది. ఆ పైన, మొన్నటి తుపానుకు కారు షెడ్డు రేకులు ఎగిరి ఎవరింటికో వెళ్ళిపోయాయి. వీటన్నిటికీ తోడు మా మెకానిక్ గవరయ్య అంతకు ముందు వేసవిలోనే కారు అడుగున తుప్పు పట్టిన రేకు తీసివేసి కొత్తది అతికాడు. ఎంత శ్రద్ధగా అతికాడంటే సూదిమొన దూరే సందు లేదు. ఫలితంగా వానచినుకు తలుపు సందుల గుండా యథేచ్ఛగా లోపలికి వచ్చేది. వచ్చినది బయటకు పోయేది కాదు. ఆషాఢం నుంచి కారులో చీలమండల లోతు నీరు నిలిచే ఉన్నది. మొదట్లో చెంబుతో తోడి పోశాను. నడుము పట్టేసింది. కలకత్తా నుంచి కొత్త రబ్బరు వచ్చాక ఒకేసారి తోడిద్దామని ఊరుకున్నాను. ఈలోగా దోమల నివారణ సిబ్బంది ఇంటింటికీ వస్తూ మా ఇంటికీ వచ్చి, కారులోకి తొంగిచూసి, నన్ను మందలించి, డబ్బాలోంచి గుప్పెడు గంబూషియా చేపపిల్లలను అందులో వదిలి వెళ్ళారు. అవి దోమ పిల్లలను తిని పెరిగాయి. శాస్త్రీయంగా ఇందులో తప్పేమీ లేదు.

రబ్బరు చుట్ట పార్శిలులో వచ్చిన మరునాడే గవరయ్య వచ్చాడు. ముందు తలుపు తెరవకుండా అద్దంలోంచి లోపలికి చూశాడు.

"ఏటి మాస్టారూ ఇది! బండి బాగుసెయ్యమన్నారా, సేపలు పట్టమన్నారా? అదెవతో నన్ను సూసి బ్రేకు కిందకి దూరిపోనాది."

"ముందు నీళ్ళు తోడెయ్యి గవరయ్యా. చేపల్ని కావలిస్తే బకెట్లో వేద్దాం."

"తోడీడానికేటుంది, తలుపు తీస్తే అదే పోద్ది," అని అతను పిడి మీద చెయ్యి వేశాడు.

"ఆగండి! ఆ తలుపు ముట్టుకోకండి!" అని గేటు దగ్గర ఎవరో కేక వేశారు.

వచ్చినవాడు, దోమల సిబ్బంది నోట మా కారులో నీరున్న సంగతి విన్న వార్డు ఉద్యోగి పైడిరాజు. చేతిలో ఫోను, మెడలో గుర్తింపు పట్టీ, ముఖాన మూడు వీధులు నడిచిన చెమట. అప్పట్లో మా పట్టణంలో 'ఊరికి నూరు చెరువులు' అనే ఉద్యమం ముమ్మరంగా సాగుతున్నది. పట్టణ జలాశయ పరిరక్షణ మండలి అని ఒక కొత్త సంస్థ వెలసి, వానాకాలం ముగిసేలోగా నూరు చెరువులను గుర్తించి కాపాడాలని ఆదేశించింది. నూరు చూపిన పట్టణానికి మంత్రిగారి చేతుల మీదుగా వెండి కలశం. అయితే మా పట్టణంలో చెరువులు ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు వాటి పేర్లతో కాలనీలు ఉన్నాయి. అందువల్ల గుర్తింపు కార్యక్రమం కొంత చొరవతో నిర్వహించవలసి వచ్చింది. చాకిరేవు బండల మధ్య గుంట, మూతపడిన ఈతకొలను, రైల్వే గేటు దగ్గర ప్రతి వానకూ ఆటోలు ఇరుక్కునే గొయ్యి, ఇవన్నీ చెరువులయ్యాయి. ఆ చొరవతోనే తొంభై తొమ్మిదికి చేరారు. అక్కడ ఆగిపోయారు.

పైడిరాజు కారులోకి వంగి చూసి, నీరెన్నాళ్ళుగా ఉన్నదని అడిగాడు; చెప్పాను. ఫోనులో నిర్వచనం తీసి పైకి చదివాడు.

"వర్షపు నీరు సహజముగా వచ్చి చేరునది... సేరినాది. ఒక ఋతువుకు తగ్గకుండా నిలుచునది... ఆషాడం నుంచి ఉన్నాదని మీరే అంతన్నారు. జలచరములకు ఆశ్రయమిచ్చునది..." అతను మళ్ళీ కారులోకి వంగాడు. "సేపలున్నాయి మాస్టారూ! మూడూ ఉన్నాయి!"

"ఎంత వైశాల్యం ఉండాలో అందులో లేదా?" అని అడిగాను.

"తీసేసినారండి. అది పెడితే పన్నెండు కూడా దొరకలేదు."

లోపలినుంచి అక్కయ్య వరండాలోకి వచ్చింది. "ఎవడ్రా అది? పైడిరాజా? నెలలు నిండకుండా పుట్టావు, ఇంకా ఆ తొందర పోలేదన్నమాట!"

"అమ్మా, మీ దయ వల్ల వందైపోనాదమ్మా!" అని అతను ఆమె కాళ్ళకు నమస్కరించి, కారుకూ నమస్కరించి, ఫోటో తీసి పంపించాడు.

ఆ సాయంత్రమే మండలి సహాయ సంచాలకులు కూర్మారావుగారు స్వయంగా విచ్చేశారు. ఇస్త్రీ మడత చెడని మనిషి. మాట్లాడేటప్పుడు కూడా ప్రతి వాక్యాన్నీ మడత చెడకుండా విప్పేవారు. ఆయన వెంట ఇద్దరు సర్వేయర్లు, ఒక లెవెల్ పరికరం, తెల్లరంగు డబ్బా. పరికరాన్ని మా తులసికోట పక్కన మూడు కాళ్ళ మీద నిలబెట్టి, కారు వెనక సీటు దిశగా గురిపెట్టి చూశారు. క్లచ్ పెడల్ పక్కన ఒక కొలబద్ద నిలిపారు. నీరు తలుపు కింది గడప ఎత్తుకు రాగానే పాత రబ్బరు సందుల్లోంచి బయటకు జారిపోతుందని నేను చెబితే, ఆయన ఆ గడపను ఆసక్తిగా చూసి, "అంటే ఇది అలుగు," అన్నారు. చెరువు నిండితే అదనపు నీరు పొర్లిపోయే కట్టను అలుగు అంటారు. భౌతికశాస్త్రపరంగా ఆ పోలికను ఖండించడానికి నాకు ఆధారం దొరకలేదు.

"మాస్టారూ," అన్నారు కూర్మారావుగారు, "తమ ఆవరణలోని జలవనరును నూరవ చెరువుగా ప్రకటించుటకు మండలి సంతోషించుచున్నది. ఇకపై అందలి నీటిని తోడుట, మళ్ళించుట, జలచరములకు కలత కలిగించుట శిక్షార్హం."

"ఇది కారండీ."

"కారు అనునది దాని పూర్వస్థితి. ప్రస్తుత స్థితిని మాత్రమే మేము పరిగణిస్తాము."

"నీళ్ళు తోడకపోయినా సరే, కనీసం తలుపులకు కొత్త రబ్బరైనా వేయించుకోనివ్వండి."

ఆయన ముఖంలో మొదటిసారి బాధ కనిపించింది. "తమవంటి విద్యాధికులే అలా అంటే ఎట్లా? ఆ సందుల గుండానే కదా చెరువులోకి నీరు చేరుతున్నది! వాగులు మూసి, వంకలు మూసి, ఈ పట్టణంలోని చెరువులన్నీ అలాగే పోయినాయి. చెరువు నోట్లో రబ్బరు కుక్కుతామంటే మండలి చూస్తూ ఊరుకోజాలదు."

గవరయ్య రబ్బరు చుట్టను మెల్లగా వీపు వెనక్కు దాచుకున్నాడు.

అక్కయ్య మెట్లు దిగి వచ్చింది. "బాబూ, ఈ నెలాఖరుతో నా లైసెన్సు చచ్చిపోతుంది. ఈలోగా నేను దీన్ని ఒక్కసారి నడపాలి. నడపవచ్చా, లేదా? అది చెప్పు."

కూర్మారావుగారు నిబంధనల పుస్తకం చివరిదాకా తిరగేశారు. "చెరువును నడుపుట గురించి నిబంధనలలో ప్రస్తావన లేదండి," అన్నారు.

ఆ వాక్యాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు. అక్కయ్య పట్టించుకున్నది.

మూడో రోజున జలహారతి జరిగింది. మా ప్రాంతంలో చెరువు నిండితే నీటికి పసుపు, కుంకుమ, రవికెలగుడ్డ సమర్పించడం ఆనవాయితీ. మండలివారు వాద్యాలతో వచ్చి, ముందు తలుపు అద్దం దింపి, చీర ఒకటి మడతపెట్టి డ్రైవరు సీటు మీద ఉంచారు. నీటిలో పసుపు చల్లారు. చేపలు దానిని తిండి అనుకుని పైకి వచ్చి, కాదని తెలుసుకుని వెళ్ళిపోయాయి. ఆ ఆవరణలో పరీక్షించి నిర్ధారించుకున్న ప్రాణులు అవే. హారతి జరుగుతున్నంతసేపూ నేను కర్పూరం ఎంత సులువుగా ఆవిరవుతుందో గమనిస్తూ నిలబడ్డాను. ఎవరి విశ్వాసాన్నీ నొప్పించని వ్యాపకం అది.

"చీర మంచిదేనే," అన్నది అక్కయ్య. "స్టీరింగుకు పెట్టారు కాబట్టి నాకు పెట్టినట్టే."

హారతి తరువాత సర్వేయర్లు హద్దురాళ్ళు తెచ్చారు. చెరువు చుట్టూ తొమ్మిది మీటర్లు రక్షిత ప్రాంతం. కారు దగ్గర్నుంచి కొలుచుకుంటూ వచ్చి వరండా ఎక్కారు, హాలు దాటారు, వంటింట్లో గ్రైండరు పక్కన ఒక గుర్తు వేశారు. రక్షిత ప్రాంతంలో శాశ్వత కట్టడాలు నిషేధం. వారం తిరగకముందే, చెరువు పరిధిలోకి చొచ్చుకువచ్చి ఇల్లు కట్టినందుకు సంజాయిషీ ఇవ్వవలసిందని నాకు తాఖీదు వచ్చింది. ఇల్లు కట్టినప్పుడు ఆ చెరువులో నేను, అక్కయ్య కూర్చుని సిమెంటు బస్తాలు తెచ్చామని ఎలా రాయాలో తెలియక, స్వయంగా మండలి కార్యాలయానికి బయలుదేరాను. అక్కయ్య తనూ వస్తానన్నది.

కార్యాలయం గట్టు రోడ్డులో ఉన్నది. గట్టు రోడ్డు అనే పేరు ఇంకా ఉన్నది. గట్టుకు రెండువైపులా ఇప్పుడు భవనాలే. ఒకవైపు పల్లంగా దిగిన చోట, పెద్దచెరువు ఒకప్పుడు నిండుగా ఉండిన చోట, మండలి మూడంతస్తుల భవనం కట్టుకున్నది. ఎప్పటి వానలదో, ఆవరణలో మడమల లోతు నీరు ఇంకా నిలిచి ఉన్నది. మెట్ల దాకా ఇటుకలు పేర్చారు. లోపల గుమాస్తాలు కాళ్ళు స్టూళ్ళ మీద పెట్టుకుని చెరువుల రక్షణలో నిమగ్నులై ఉన్నారు.

"బాబూ, మీ ఆఫీసులో నీళ్ళున్నాయి," అన్నది అక్కయ్య.

"తాత్కాలికమండి," అన్నారు కూర్మారావుగారు, కుర్చీలో కాళ్ళు మడిచి కూర్చుని. "ప్రతి సంవత్సరం తాత్కాలికమే."

ఆయన వెనక గోడ మీద పట్టణ పటం వేలాడుతున్నది. నూరు చెరువులు నీలిరంగులో. మా వీధిలో ఆవగింజంత చుక్క నూరవది. పటం మధ్యలో అరచెయ్యంత నీలం, దాని మీద ఒకటి అంకె. దాని కింద 'పెద్దచెరువు' అని గుండ్రటి అక్షరాలు.

"ఒకటో నంబరు ఇప్పుడు ఎక్కడుందండీ?" అని అడిగాను.

"రెవెన్యూ దస్త్రాలలో సురక్షితంగా ఉన్నది."

"అంటే మనం ఇప్పుడు..."

"మనం ఇప్పుడు కార్యాలయంలో ఉన్నాము," అని ఆయన స్థిరంగా అన్నారు.

నా సంజాయిషీ నోటితోనే చెప్పడం మొదలుపెట్టాను. అక్కయ్య ఆపింది. రోగి పక్కన కూర్చున్న వైద్యురాలి గొంతుతో, మెల్లగా అన్నది:

"ఇల్లు సంగతి తరువాత చూద్దువుగానిలే బాబూ. ముందు నీ చెరువు పరిస్థితి బాగోలేదు."

"ఏమైందండి?"

"వానలు వెనకబడ్డాయి. వచ్చే నీరు తగ్గింది, కారే నీరు తగ్గలేదు. నిన్న కొలబద్ద చూశాను. బ్రేకు పెడల్ సగం బయటికొచ్చింది. గేట్లు కారుతున్నాయి మరి. నాలుగు గేట్లకూ రబ్బరు పోయింది."

గడప కంటె దిగువన ఉన్న నీరు గడప దాటి కారదని నాకూ, ఆమెకూ తెలుసు. కూర్మారావుగారి కాళ్ళు కుర్చీ మీంచి నీటిలోకి జారాయి. నెల తిరగగానే, ఒకటవ తేదీన మంత్రిగారు తనిఖీకి వస్తున్నారు. నూరవ చెరువు ఎండిపోతే తొంభై తొమ్మిది. కలశం పక్క జిల్లాకు పోతుంది.

"గేట్లకు... రబ్బరు సీళ్ళు," అని ఆయన గొణిగారు. "ప్రతి జలాశయానికీ గేట్ల సీళ్ళు మార్చుట నిర్వహణలో అంతర్భాగమే. నీటి వృథాను అరికట్టుట మండలి ప్రథమ కర్తవ్యం. ఎవరికీ తట్టలేదేమి?"

"మాకు మాత్రం ఏం తెలుసు బాబూ, మేం కారనుకున్నాం కదా," అన్నది అక్కయ్య.

ఆ విధంగా, నీరు లోపలికి రాకుండా వేయకూడని రబ్బరును, నీరు బయటకు పోకుండా వేయవచ్చునని ఉత్తర్వులు వచ్చాయి. గవరయ్యను జలాశయ ద్వారాల నిపుణుడిగా నియమించారు. పనిని పర్యవేక్షించడానికి ఒక ఇంజనీరు వచ్చాడు.

పని చక్కగా సాగింది. గవరయ్య ఒక్కొక్క తలుపూ తెరిచి, అలుగు దాటి నీరు పోకుండా గడప మీద ఇసుక మూటలు పరిచి, పాత రబ్బరు గీకి, ఎండిన జిగురును కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొత్తది అతికించసాగాడు. మూలల దగ్గర సాగదీయకుండా, కాస్త వదులు ఇచ్చి మరీ నొక్కుతున్నాడు. రెండో తలుపు దగ్గర ఇంజనీరు ఆపించాడు.

"సీలు పెదవి, అంటే ఈ పల్చటి అంచు, నీటివైపు ఉండాలి. నువ్వు బయటివైపుకు పెడుతున్నావు. నీరు లోపల ఉంది కదా!"

"ఇది ఇలాగే కూకుంతాదండి. తిరగేస్తే తలుపు పడదు."

"నిబంధన ప్రకారం నీటివైపే ఉండాలి."

"నిబంధనకి తలుపెయ్యక్కర్లేదు బాబూ, నాకెయ్యాల," అన్నాడు గవరయ్య.

నేను కల్పించుకోవలసి వచ్చింది. నొక్కి పట్టిన రబ్బరు రెండువైపుల నీటినీ సమానంగానే ఆపుతుందనీ, నీరు ఏ పక్కన ఉన్నదో రబ్బరుకు తెలియదనీ, దానికి పక్షపాతం లేదనీ వివరించాను. ఇంజనీరు ఈ విషయాన్ని పై అధికారుల దృష్టికి తీసుకువెళ్ళాడు. వాళ్ళు, రబ్బరు నిష్పాక్షికత గురించి నా నుంచి లిఖితపూర్వక హామీ తీసుకుని అనుమతించారు. ఇంతకు ముందు ఏ పదార్థానికీ నేను జామీను ఉండలేదు.

నాలుగు తలుపులూ పూర్తయ్యాయి. మూడు మూసి, నాలుగోది మూయబోతే పడదు. లోపల చిక్కుకున్న గాలి పోవడానికి దారి లేక తలుపును వెనక్కు నెడుతున్నది. నాకు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. గాలి కూడా దాటలేనంత బిగువుగా అతికాడన్నమాట. అద్దం కొంచెం దించమన్నాను. దించగానే తలుపు ధప్పుమని పడింది.

"కొత్తలో బిగుతు మాస్టారూ," అన్నాడు గవరయ్య. "ఆరునెల్లు రోజూ తీసి ఏస్తుంటే అప్పుడు సర్దుకుంతాది."

కూర్మారావుగారు వచ్చి చూసి పరవశించారు. అలుగు మూసుకుపోయినందువల్ల నీరు ఇక గడప ఎత్తు దగ్గర ఆగనవసరం లేదని ఆయన గ్రహించారు. "జలాశయ సామర్థ్యం పెరిగినది! స్టీరింగు దాకా నింపవచ్చును!" అని, ఒకటవ తేదీన మంత్రిగారు నూరు కలశాలతో తమ చేతుల మీదుగా నింపేటట్లు కార్యక్రమం ఖరారు చేశారు. ఆ లెక్కన సీట్లు మునుగుతాయి. ఇంజనులోని తీగలు ఎటుపోతాయో నేను అడగలేదు. చెరువుకు ఇంజను ఉండదు.

అక్కయ్య ఆ రాత్రి అన్నం తినలేదు. మరునాడు పొద్దున్న కాఫీ తాగి, క్యాలెండరు వైపు చూసింది. అది ముప్పై ఒకటవ తేదీ.

"తమ్ముడూ, కారు నడపవచ్చునా అని అడిగితే ఆయన ఏమన్నాడు?"

"చెరువును నడపడం గురించి ప్రస్తావన లేదన్నాడు."

"లేదంటే, వద్దని కూడా లేనట్టేగా?"

తర్కదోషం కనిపించలేదు.

ఆమె లోపలికి వెళ్ళి, జలహారతిలో పెట్టిన చీర కట్టుకుని వచ్చింది. కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చెప్పులు విడిచి, డ్రైవరు తలుపు తెరిచి, నీరు అలుగు దాటకముందే చటుక్కున లోపలికి దిగింది. చీలమండలు నీటిలో. నేను రెండోవైపు నుంచి దిగాను. చేపలు వచ్చి నా వేళ్ళను పరిశీలించి వెళ్ళాయి. తాళం తిప్పగానే ఇంజను ఒకసారి దగ్గి, రెండోసారి గొంతు సవరించుకుని, మూడోసారి మాట్లాడింది. కారు కదిలిన మరుక్షణం నీరంతా ఒక్కసారిగా వెనక సీటు వైపు నడిచింది. బ్రేకు వేయగానే తిరిగి ముందుకు వచ్చి మా మోకాళ్ళను పలకరించింది. జడత్వ నియమానికి ఇంతకంటె మంచి ప్రయోగాన్ని నేను ఏ తరగతిలోనూ చూపించలేకపోయాను.

వీధి చివర పైడిరాజు ఎదురయ్యాడు.

"అమ్మా! డాక్టరమ్మా! సెరువట్టుకెల్లిపోతన్నారేటమ్మా!"

"ఆసుపత్రి దాకా వెళ్ళి వస్తాంరా!"

"రేపు మంత్రిగారొత్తారమ్మా! అయ్యో, వందోది ఎల్లిపోతన్నాది!" అంటూ అతను ఫోను చెవికి పెట్టుకుని వెనక పరుగు తీశాడు. ఒక టీ దుకాణం దగ్గర ఎవరో, "ఏటి పైడిరాజూ, ఏటి పోనాది?" అని అడిగితే, "సెరువు!" అని సమాధానం చెప్పి, ఆగకుండా పరిగెత్తాడు. దుకాణంలో వాళ్ళు మా కారు వైపు, తరువాత పైడిరాజు పరుగు వైపు చూసి, తరువాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

గట్టు రోడ్డు ఎక్కాము. అక్కయ్య స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, భవనాలు లేనట్టు, వాటి స్థానంలో నీళ్ళున్నట్టు, ఎడమకూ కుడికీ తొణకకుండా తిన్నగా నడిపింది. ఆసుపత్రి గేటు దగ్గర ఆపి, లోపలికి ఒకసారి చూసి, తల ఊపి, కారు వెనక్కు తిప్పింది. అంతే. ఆమె అడిగినది అదే.

తిరుగు దారిలో, గట్టు మీద, కూర్మారావుగారు రోడ్డుకు అడ్డంగా చేతులు చాచి నిలబడి ఉన్నారు. ఇస్త్రీ మడత మొదటిసారి చెడింది. వెనక సిబ్బంది అంతా ఉన్నారు.

"అమ్మా, ఇది చెరువు అపహరణ!"

"అపహరణ కాదు బాబూ. నీ చెరువును నీకే ఇద్దామని తెచ్చాను," అని అక్కయ్య కారును పల్లంలోకి మళ్ళించి, మండలి ఆవరణలో నిలిచిన వాననీటి అంచున ఆపింది. "చిన్న చెరువును పెద్ద చెరువుతో కలపవచ్చునని మీ రూల్సులో ఉందా, లేదా?"

"అనుసంధానం... ప్రోత్సాహకరమే. కాని ఇక్కడ పెద్ద చెరువు ఎక్కడున్నదండి?"

"నీ గోడ మీది పటంలో ఒకటో నంబరు, నువ్వు ఆఫీసు కట్టిన ఈ చోటే కదా నాయనా? నేను బండి నేర్చుకున్నది దీని గట్టు మీదే. లేదంటావా, చెప్పు. లేదంటే తొంభై తొమ్మిది. ఉందంటే, నీ ఆఫీసు దేంట్లో ఉన్నట్టు?"

కూర్మారావుగారు భవనం వైపు చూశారు. నీటి వైపు చూశారు. ఆయన జీవితంలో అంతసేపు పూర్తి కాకుండా ఉన్న వాక్యం అదొక్కటే అనుకుంటాను. అక్కయ్య సమాధానం కోసం ఆగలేదు.

"తమ్ముడూ, గేట్లెత్తు," అన్నది.

నాలుగు తలుపులూ ఒక్కసారిగా తెరిచాము. ఆషాఢం నుంచి నిలిచిన నీరు పసుపు రంగుతో, కుంకుమ చారలతో, అలుగు మీదుగా పొర్లి పల్లంలోకి పోయింది. చేపలు ఒకదాని వెంట ఒకటి వెళ్ళి, విశాలంగా ఉన్నదని తెలుసుకుని, మెట్ల వైపు సాగిపోయాయి. సిబ్బందిలో ఒకామె అప్రయత్నంగా చేతులు జోడించింది. వాద్యాలు లేవు గాని, హారన్ ఒకసారి అక్కయ్యే మోగించింది.

కూర్మారావుగారు చివరికి తేరుకుని, పైడిరాజుతో రాయించారు: "నూరవ చెరువు ఒకటవ చెరువునందు విజయవంతముగా అనుసంధానింపబడినది. చెరువుల సంఖ్య యథాతథము." మరునాడు మంత్రిగారు నూరు కలశాల నీటినీ కార్యాలయ ఆవరణలోనే పోశారని, ఆ అనుసంధానానికి వెండి కలశంతో పాటు ప్రత్యేక ప్రశంస కూడా దక్కిందని తరువాత విన్నాను. ప్రస్తుతం అక్కడ హద్దురాళ్ళు పాతుతున్నారు. రక్షిత ప్రాంతం కొలుచుకుంటూ సర్వేయర్లు కూర్మారావుగారి బల్ల దాకా వచ్చారట. మా వంటింట్లోని గుర్తు మాత్రం ఎవరూ చెరపలేదు. చెరువు పోయినా హద్దు పోయినట్లు ఉత్తర్వులు రాలేదు.

ఆనాడు గట్టు దిగి ఇంటికి వస్తుండగా వాన మొదలయింది. పెద్ద వాన. పైకప్పు మీద దడదడ. అద్దాలు పైకెత్తాము. లోపల, తడి ఆరని రేకు మీద, ఒక్క చుక్క కొత్తది పడలేదు. తలుపు అంచున వేలు పెట్టి చూశాను; పొడిగా ఉన్నది. ఇది నా ప్రత్యక్ష ప్రమాణం.

ఇంటి ముందు ఆపి, అక్కయ్య తాళం తీసి నా చేతిలో పెట్టబోయింది. ఇచ్చిన మాట ప్రకారం. అంతలో ఆగి, తలుపు తెరిచి, మూసింది. పడలేదు. మళ్ళీ తెరిచి మూసింది.

"బిగుతుగా ఉందిరా."

"ఆరు నెలలు రోజూ తీసి వేస్తుంటే సర్దుకుంటుందన్నాడు అక్కయ్యా."

"ఎవరు తీసి వేస్తారు రోజూ? నువ్వా? నడుము పట్టేస్తుంది నీకు."

తాళం తిరిగి తన కొంగున ముడి వేసుకుంది.

"సోమవారం కళ్ళ డాక్టరు ఉంటాడేమో కనుక్కో తమ్ముడూ. లైసెన్సు కాగితాలకు ఆయన సంతకం కావాలి."